వారమున కొక సూది

సూదిమందు అనగానే పాతతరమువారి కన్నులయెదుట కాంపౌండరు మెదలును. స్పిరిటు దీపముపై మరుగుచున్న నీటిలో గాజు సిరంజి, బల్లపై దూది, వాకిట బారులు తీరిన రోగులు: ఇది ఆనాటి దృశ్యము. సూది వేయుట ఒకరి పని. ఓర్చుకొనుట మరియొకరి పని. ఆ రెండు పనులును నేడు ఒక్కరి పాలబడినవి. శరీరపు బరువు తగ్గించుటకై వారమునకొకసారి వేసికొను మందు ఇంటి రిఫ్రిజిరేటరులో పెరుగుగిన్నె ప్రక్కకు చేరినది. సూది యనిన భయము రెండు మూడు వారములలో తీరిపోవును. ఆ భయముతోపాటు జాగ్రత్తయు తీరిపోవుటయే అసలు ప్రమాదము.

తన సూది తానే వేసికొనుట పూర్తిగా క్రొత్త సంగతి కాదు. 1853లో ఎడింబరోలో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్సు దేశమున లియోన్ నగరములో షార్ల్ ప్రవాజ్ వేర్వేరుగా నేటి సిరంజికి మూలరూపములను సిద్ధపరచిరి. 1921లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులినును వేరుచేసిరి. 1922 జనవరిలో మధుమేహముతో కృశించుచున్న 14 ఏండ్ల బాలునకు అది మొదటిసారిగా ఈయబడినది. ఇన్సులిను ప్రతిదినము కావలసిన మందు. ప్రతిదినము వైద్యుని వాకిటికి పోవుట ఎవరికి సాధ్యము? అందుచేత రోగులును, పసిరోగుల తల్లులును సూది పట్టుట నేర్చిరి. 1985లో కలము ఆకారముగల ఇన్సులిను పరికరము వచ్చినది. బరువు మందునకు నేడు వాడు "పెన్ను" దాని సంతతిలోనిదే.

పెన్నులోని మందు మాత్రము వేరు జాతిది. భోజనము చేయగనే ప్రేగులనుండి జి.ఎల్.పి.-1 అను హార్మోను ఊరును. అది క్లోమమును ఇన్సులినుకై ప్రేరేపించును. జీర్ణాశయము ఖాళీయగుటను నెమ్మదిపరచును. ఇక చాలునని మెదడునకు తెలుపును. కాని ప్రకృతి యిచ్చిన ఈ హార్మోను రక్తములో కొలది నిమిషములైనను నిలువదు. ఒక ఎంజైము దానిని వెంటనే విరిచివేయును. దానిని నిలుపుటెట్లు అనునదే శాస్త్రజ్ఞులకు సమస్య అయినది. 1992లో జాన్ ఇంగ్ అను అమెరికా వైద్యుడు ఎడారిలో నివసించు గిలా అను బల్లి విషములో ఇట్టిదే యగు పదార్థమును కనుగొనెను; అది అంత త్వరగా విరుగదు. దాని ననుసరించి చేసిన మందు 2005లో వచ్చినది. దానిని దినమునకు రెండుసార్లు వేసికొనవలసియుండెను. పిమ్మట దినమునకొకసారి వేయునది వచ్చినది.

సెమాగ్లుటైడు వచ్చుటతో ఆ సమస్య తీరినది. దాని అణువునకు ఒక కొవ్వు ఆమ్లపు గొలుసును తగిలించిరి. ఆ గొలుసు రక్తములోని అల్బుమిన్ అను మాంసకృత్తును పట్టుకొని వ్రేలాడును. అట్లు వ్రేలాడుటచే వారము దినములు గడచినను మందులో ఇంచుమించు సగము శరీరములోనే మిగిలియుండును. అమెరికాలో 2017లో మధుమేహమునకు, 2021లో బరువు తగ్గుటకు దీనికి అనుమతి లభించినది. రెండు హార్మోనుల పని చేయు టిర్జెపటైడు 2022లో మధుమేహమునకు, 2023లో బరువునకు అనుమతి పొందినది. దానిలో సగము తరుగుటకు 5 దినములు పట్టును. భారతదేశమున టిర్జెపటైడు 2025 మార్చిలోను, బరువు తగ్గించు సెమాగ్లుటైడు అదే సంవత్సరము జూన్‌లోను అంగడికి వచ్చినవి.

వారముపాటు నిలుచుటయే ఈ మందునకు గల గొప్పతనము. చిక్కును అందులోనే యున్నది. మోతాదు తప్పిన, ఆ తప్పును శరీరములో వారములకొలది నిలుచును. వేసిన మందును వెనుకకు తీయుటకు మార్గము లేదు. దీనికి ప్రత్యేకమగు విరుగుడు లేదు. వికారము, వాంతులు ఎన్ని దినములు పట్టునో అన్ని దినములును రోగి భరింపవలసినదే. కాబట్టి ఇంటి సూదికి కావలసినది ధైర్యముకన్న నిదానము. వారములో పది నిమిషములు తీరికగా కూర్చుండి, దీపము వెలుగులో పెన్నుపై వ్రాత చదువుకొని చేయు పని యిది. వంటింటిలో పాలు పొంగుచుండగా, ఆఫీసు బస్సునకు వేళయగుచుండగా చేయవలసిన పని కాదు.

మోతాదు మెట్లవంటిది. సెమాగ్లుటైడు వారమునకు 0.25 మిల్లీగ్రాముతో మొదలై, నాలుగేసి వారముల కొకసారి 0.5, 1, 1.7 అను మెట్లెక్కి 2.4కు చేరును. టిర్జెపటైడు 2.5తో మొదలై నాలుగు వారముల పిమ్మట 5కు పోవును. మొదటి మెట్టు బరువు తగ్గించుటకు కాదు, కడుపునకు అలవాటు చేయుటకు. "నెల గడచినను తూకము కదలలేదు" అని రెండు మెట్లొక్కసారి ఎక్కువారికి ఆ తొందర వాంతుల రూపమున తిరిగివచ్చును. ప్రక్కింటివారి మోతాదు వారి శరీరమునకు కుదిరినది; అది మరియొకరికి కొలబద్ద కాదు.

పెన్నులో మోతాదు త్రిప్పుటయో, ముందే కొలిచియుండుటయో జరుగును. గాజుబుడ్డినుండి సిరంజితో తీసికొనువారికి మాత్రము మూడు లెక్కలు ఎదురగును. మందు బరువు మిల్లీగ్రాములలో, ద్రవపు కొలత మిల్లీలీటర్లలో, సిరంజిపై గీతలు యూనిట్లలో ఉండును. ఈ మూటిని కలగాపులగము చేసికొని కొందరు కావలసినదానికి 5 మొదలు 20 రెట్ల వరకు ఎక్కించుకొనిరని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 జులైలో హెచ్చరించినది. మన దేశమున మరియొక ఉచ్చు కలదు. ఇచ్చట ఇన్సులిను సిరంజిలు రెండు రకములు: ఎఱ్ఱ మూతగలది 40 యూనిట్ల రకము, నారింజ మూతగలది 100 యూనిట్ల రకము. అర మిల్లీలీటరు మందు మొదటిదానిలో 20వ గీతవద్ద, రెండవదానిలో 50వ గీతవద్ద నిలుచును. నారింజ మూత సిరంజికి చెప్పిన గీతల లెక్కను చెవిని వేసికొని వచ్చినవారి చేతికి ఎఱ్ఱ మూత సిరంజి దొరికినచో మందు రెండున్నర రెట్లగును. కావున ఏ సిరంజి, ఏ గీత అను రెండును వైద్యునిచేతనో, మందుల దుకాణదారునిచేతనో కాగితముపై వ్రాయించుకొనవలెను.

ఇక సూది వేయు విధము. చేతులు సబ్బుతో కడుగవలెను. పెన్నుపై పేరు, మోతాదు, గడువు తేదీ చదువవలెను. తల్లికి ఇన్సులిను, కుమారునకు బరువు మందు ఉన్న యిండ్లలో రెండు పెన్నులును ఒకే అరలో నుండును; పేరు చదువక తీసినచో ఒకరి మందు మరియొకరి పొట్టలోనికి పోవును, రక్తములో చక్కెర హఠాత్తుగా పడిపోవును. మందు తేటగా నుండవలెను. మబ్బుగా గాని, పలుకులతో గాని యున్న దానిని వాడరాదు. సూది విడిగా తగిలించు పెన్నులలో ప్రతిసారి క్రొత్త సూదియే తగిలించి, ఆ పెన్ను కాగితము చెప్పినప్పుడు చుక్క వచ్చుచున్నదో లేదో చూడవలెను.

వేయుటకు తగిన చోట్లు పొట్ట, తొడల ముందు భాగము, మోచేతికి పైభాగపు వెనుకవైపు. పొట్టపై నైనచో బొడ్డునకు రెండంగుళముల దూరము విడువవలెను. చేతికి వేయుటకు మరియొకరి సాయము మేలు. మందు చేరవలసినది కండరమునకు కాదు, చర్మము క్రింది కొవ్వునకు. చర్మపు మందము రెండు మిల్లీమీటర్లకు కొంచెము అటునిటు గనుక 4 మిల్లీమీటర్ల సూది చాలును. స్థూలకాయులకును పొడవు సూది అక్కరలేదు. స్పిరిటు తుడిచినచో ఆరనిచ్చి, సూదిని నిలువుగా గ్రుచ్చి, మీటను పూర్తిగా నొక్కి, ఆ పెన్ను కాగితము చెప్పినంతవరకు నెమ్మదిగా అంకెలు లెక్కించి పిమ్మట తీయవలెను. తొందరగా తీసినచో మందు చర్మముపైననే కారిపోవును. ఒకేచోట వారము వారము గ్రుచ్చిన గడ్డకట్టును; కావున చోటు మార్చుచుండవలెను.

మరచిపోవుట మానవసహజము. సెమాగ్లుటైడు వేళ తప్పినచో 5 దినములలోగా, టిర్జెపటైడు 4 దినములలోగా గుర్తు వచ్చిన వెంటనే వేసికొనవచ్చును. ఆ గడువు దాటినచో ఆ వారము విడిచి, మామూలు దినముననే వేసికొనవలెను. రెండు మోతాదులు కలిపి వేయుట ఎన్నడును కూడదు. వరుసగా రెండు మూడు వారములు తప్పినవారు వైద్యుని అడుగక తిరిగి అదే మెట్టునుండి మొదలిడరాదు. కడుపు పాత అలవాటును మరచియుండును. గోడ క్యాలెండరుపై వేసిన తేదీని, పొట్టకు కుడియో ఎడమయో గుర్తు పెట్టుకొనువారికి ఈ చిక్కు రాదు.

తెరవని పెన్ను 2 మొదలు 8 డిగ్రీల చలువలో నుండవలెను. గడ్డకట్టిన మందును పారవేయవలసినదే. వాడుకలోని పెన్నును కొన్ని వారములు బయట ఉంచవచ్చునని కాగితము చెప్పును గాని, అది 30 డిగ్రీల లోపలి మాట. రెంటచింతలలో, రామగుండములో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును. అచ్చట "బయట" అనునది ఈ మందునకు తగదు. దానిని రిఫ్రిజిరేటరు నడిమి అరలో నుంచుటయే మేలు.

ఈ మందు అందరికిని తగినది కాదు. తమకు గాని, రక్తసంబంధీకులకు గాని మెడ్యులరీ రకపు థైరాయిడు క్యాన్సరు వచ్చినవారు, గర్భవతులు దీనిని వాడరాదు. బిడ్డను కోరు స్త్రీలు సెమాగ్లుటైడును రెండు నెలల ముందే మానవలెను. ఇన్సులిను గాని, చక్కెరను తగ్గించు కొన్ని మాత్రలు గాని వాడువారికి చక్కెర మరీ పడిపోవచ్చును. వీపువైపు ప్రాకుచు తగ్గని తీవ్రమగు కడుపునొప్పి క్లోమపు వాపునకు గుర్తు కావచ్చును. పచ్చకామెర్లు, నీరైనను నిలువని వాంతులు ఆగని హెచ్చరికలు. ఇట్టివి కలిగిన వెంటనే వైద్యుని చేరవలెను. మత్తుమందిచ్చి చేయు శస్త్రచికిత్సకు ముందు ఈ సూదిని గురించి తప్పక చెప్పవలెను. నకిలీల బెడదయు కలదు: బ్రెజిలు, బ్రిటను, అమెరికాలలో 2023లో బయటపడిన నకిలీ సెమాగ్లుటైడును గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో హెచ్చరిక వెలువరించినది. చీటీలేక, బిల్లులేక చౌకగా వచ్చు పెన్ను చౌక కాదు.

ఇంత జాగ్రత్తకు తగిన ఫలమున్నదా యనిన, ఉన్నది. 2021లో ప్రకటింపబడిన పరిశోధనలో 1,961 మందిని 68 వారములు గమనించిరి. ఆహారనియమము, వ్యాయామము రెండు వర్గములకును ఉన్నను, సెమాగ్లుటైడు వాడినవారి బరువు సగటున నూటికి 15 వంతులు తగ్గినది. ఉత్తి సూది వేసికొన్నవారికి రెండున్నర వంతులైనను తగ్గలేదు. అయితే మందు మానిన యేడాదిలో, తగ్గిన దానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినది. కావున ఎన్నినాళ్లు, ఎంత వ్యయము అను లెక్క మొదటి సూదికి ముందే వైద్యునితో తేల్చుకొనుట మంచిది.

ఇంటి సూదికి ఇంటి బయటివారితోను సంబంధమున్నది. సూది మార్చినను సరే, ఒకరి పెన్నును మరియొకరు వాడరాదు. రక్తము ద్వారా వచ్చు రోగములు పెన్నులోనికి ప్రవేశింపవచ్చును. అన్నదమ్ములైనను, ఆలుమగలైనను ఖరీదు పంచుకొనవచ్చును గాని పెన్నును పంచుకొనరాదు. వాడిన సూదిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, బిగించి, గుర్తు వ్రాసి, తడిచెత్తతోను పొడిచెత్తతోను కలుపక విడిగా అప్పగింపవలెను. 2016 నాటి ఘనవ్యర్థముల నిబంధనలే వాడిన సూదులను ఇండ్లలోని ప్రమాదకరమగు చెత్తలో చేర్చినవి. తెల్లవారుజామున వీధిలో చెత్తసంచి విప్పి, ఉత్తచేతులతో ఏరువారు లోపల ఏమున్నదో ఎరుగరు. సూది వేసికొన్నవారు ఎరుగుదురు.