ఆల్బంలో చోటు దొరకని మనిషి

ఏటా క్రిస్మస్ దగ్గర పడుతుంటే కల్యాణదుర్గం వైపున్న మా పల్లెకు ఒక కవరు వచ్చేది. వచ్చేది ఒక్క ఇంటికే అయినా చూసేది మాత్రం వీధంతా. అందులో రెండు మూడు రంగుల ఫొటోలు, ఒక గ్రీటింగ్ కార్డు, తెలుగులోకి మార్చి రాసిన నాలుగు వాక్యాల ఉత్తరం ఉండేవి. ఫొటోల్లో తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. వాళ్ల వెనక ఎంత దూరం చూసినా నీళ్లే. అది మయోర్కా దీవి. మధ్యధరా సముద్రంలో స్పెయిన్‌కు చెందిన బాలెయారిక్ దీవుల్లోకెల్లా పెద్దది. ఆ కుటుంబం మా సంఘంలోని ఒక పాప చదువుకు సాయం చేసేది.

అనంతపురం జిల్లా వాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1969లో స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి ఆరంభించిన ఆర్.డి.టి. సంస్థ ద్వారా అక్కడి కుటుంబాలు ఇక్కడి పిల్లలకు దాతలయ్యాయి. ఆయన 2009లో అనంతపురంలోనే కన్నుమూశారు. డబ్బు పిల్లవాడి చేతికి రాదు, ఊరి పనులకూ చదువులకూ వెళుతుంది. పిల్లవాడి పేరున వచ్చేది ఉత్తరమూ ఫొటోలే. ఇటునుంచి కూడా ఒక ఉత్తరం, ఒక ఫొటో, పిల్లలు వేసిన ఒక బొమ్మ వెళ్లేవి. మా పల్లెలో ఎన్నో ఇళ్లలో గోడకు తగిలించిన మొదటి రంగుల ఫొటో సొంతవాళ్లది కాదు, ఎప్పుడూ చూడని స్పెయిన్ వాళ్లదే.

ఆ సముద్రం ఫొటోను మా వీధి అవ్వ ఒకామె కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసి, "ఇన్ని నీళ్లు పెట్టుకోని వీళ్లకింక కరువేముంటుంది నాయనా!" అంది. అందరం ఒప్పుకున్నాం. పడమటి కనుమల అవతలే మేఘాలు కురిసిపోయి, తూర్పు తీరం వానలు ఇంత దూరం అందక, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కూడా నమ్మకం లేని నేల మాది. శనక్కాయ వేసి ఆకాశం వైపు చూసే బతుకు. మాకు ఆ ఫొటో పరలోకం బొమ్మలాగే కనిపించింది.

ఇటునుంచి ఏం పంపాలి? ఇక్కడ మేము ఒక విషయం ఒప్పుకోవాలి. మేమిద్దరం అప్పట్లో సంఘంలో ఆదివారపు బడి నడిపేవాళ్లం. చదువు వచ్చినవాళ్లమని ఇరుగుపొరుగు తల్లులు ఉత్తరానికి మాటలు అడిగేవారు, ఫొటోకు ఎట్లా నిలబడాలో అడిగేవారు. మేము చెప్పేవాళ్లం. పాప తల్లికి మా ఇంట్లోని చీర ఇచ్చాం. వాళ్ల ఇంటి ముందు కాదు, కొత్తగా సున్నం వేసిన గుడి గోడ ముందు నిలబెట్టాం. ఉత్తరంలో "మేమందరం క్షేమం, పంట బాగుంది" అని రాయించాం. పంట ఆ ఏడు విత్తనం ఖర్చు కూడా తిప్పి ఇవ్వలేదు. 2002లో దేశమంతా వాన ముఖం చాటేసింది, 2003 ఎండాకాలంలో జిల్లాలో గంజి కేంద్రాలు నడిచాయి. సగం పల్లె బెంగళూరులో ఇటుకలు మోస్తోంది. పాప తండ్రి కూడా అక్కడే.

ఆ సంవత్సరం క్రిస్మస్‌కు ఆయన వచ్చాడు. పని జరుగుతున్న కట్టడం మీదనుంచి పడి చేయి విరిగింది. మోచేతి దాకా పిండికట్టు, మెడకు తగిలించిన గుడ్డ, మాసిన చొక్కా. ఫొటో తీసే అబ్బాయి సిద్ధంగా ఉన్నాడు. తల్లి, పాప, తమ్ముడు నిలబడ్డారు. ఆయన కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. "అన్నా, నువ్వు కొంచెం అవతలికి నిలబడు. దాతలు చూసేది కదా, బాగుండదు" అన్నాం. ఆయన ఒక్క మాట అనలేదు. తలగుడ్డ సర్దుకుని వేపచెట్టు కిందికి వెళ్లి కూర్చున్నాడు.

చేసినప్పుడు అది మాకు తప్పని తోచలేదు. పైగా మంచి పని చేశామనే అనుకున్నాం.

లూకా మా వంటివాడైతే అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాలు ఎట్లా రాసి ఉండేవాడా అని ఇప్పుడు అనిపిస్తుంది. పౌలు రోమాకు క్షేమంగా చేరాడు, దేవునికి స్తోత్రం అని ఒక వాక్యంలో ముగించేవాడు. లూకా అట్లా చేయలేదు. "మేము" అంటూ తననూ కలుపుకుని రాశాడు. ఓడలో ఉన్నవాళ్లు 276 మంది అని లెక్క చెప్పాడు. లోతు ఇరవై బారలు, మరికొంత దూరం వెళ్లాక పదిహేను బారలు అని కొలతలు కూడా వదలలేదు. బ్రతుకుతామనే ఆశ పూర్తిగా పోయిన రోజులు ఉన్నాయని దాచలేదు. ఓడ పగిలింది, చెక్కలు పట్టుకుని మెలితే దీవికి కొట్టుకొచ్చారు. అక్కడి దీవివాసులు వానకూ చలికీ వణుకుతున్నవాళ్లకు మంట వేశారు. పౌలు పుల్లలు ఏరి మంటలో వేయడం, పాము చేతికి పట్టుకోవడం, అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. ఓడ పగలడాన్ని తీసేస్తే ఆ దీవివాసుల దయకు కూడా ఆ పుస్తకంలో చోటుండేది కాదు.

యెహోషువ నాలుగో అధ్యాయం మన సంఘాల్లో చాలాసార్లు విన్నదే. పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగినప్పుడు చెప్పడానికి పన్నెండు రాళ్లు నిలబెట్టారు. అయితే ఆ రాళ్లు ఎక్కడివి అన్నది మనం తొందరగా దాటిపోతాం. ఒడ్డున శుభ్రంగా దొరికేవి కావు. నది నడుమ, యాజకుల కాళ్లు నిలిచిన చోటినుంచి భుజాల మీద మోసుకొచ్చినవి. మేము ఆదివారపు బడిలో ఆ పాఠం ఎన్నిసార్లు చెప్పి ఉంటామో! చెప్పి, బయటికి వచ్చి, ఒక తండ్రిని ఫొటోలోనుంచి పక్కకు పంపాం.

ఆయన 2008లో చనిపోయాడు. గుండె జబ్బు అన్నారు. పాప చదువు ఆగలేదు. నర్సింగు చేసింది, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. నాన్న ఇటుకలు మోసిన ఊళ్లోనే.

మొన్న వేసవి సెలవుల్లో వచ్చి, రేకుపెట్టె ఒకటి మా ఇంట్లో దించింది. తల్లికి చూపు తగ్గుతోంది, కళ్లు బాగున్నప్పుడే ఇంట్లోవాళ్ల ఫొటోలన్నీ ఒక పుస్తకంలో అతికించి, పక్కన సంగతులు రాసి ఇవ్వాలని ఆమె కోరిక. ముగ్గురం కూర్చుని పెట్టె తెరిచాం. దీవి కుటుంబం ఫొటోలు పదకొండు ఏళ్లవి వరుసగా ఉన్నాయి. వాళ్ల పిల్లలు పొడుగవడం, తండ్రి జుట్టు నెరవడం, కుక్క మారడం కూడా తెలుస్తోంది. వాళ్ల గోధుమ రంగు గోడలు, బాదం చెట్ల పూత, ఆదివారం భోజనం బల్ల మా కళ్లకు మా ఇళ్లంత అలవాటయ్యాయి. మాకు సంబంధించినవి మాత్రం చాలా తక్కువ. ఆమె వెతికి వెతికి అడిగింది: "మా నాయనది ఫొటో యాడన్నా ఉందా అత్తా?"

ఒకటి ఉంది. రేషన్ కార్డు మీదిది. ఇంటిల్లిపాదినీ ఒక గోడ ముందు నిలబెట్టి తీసి, తపాలా బిళ్ల కంటే కొంచెం పెద్దగా అతికించిన ఫొటో. దాని మీద సగం ముద్ర పడింది. భూతద్దం పెడితే మీసం తెలుస్తుంది. ఉపాధి హామీ జాబ్‌కార్డు కూడా తీసి చూశాం. 2006 ఫిబ్రవరి 2న దేశంలోనే మొట్టమొదట ఆ పథకం మన బండ్లపల్లిలో మొదలైన తర్వాత మా పల్లెకూ కార్డులొచ్చాయి. అందులో తల్లి ఫొటో ఒక్కటే ఉంది. అప్పుడాయన బెంగళూరులోనే ఉన్నాడు. ఇప్పుడు ఫోనులో రోజుకు యాభై ఫొటోలు తీసుకునే పిల్లలకు చెబితే నమ్మరు, కానీ ఈ ప్రాంతంలో ఎన్నో బీద కుటుంబాలు కలిసి దిగిన ఏకైక ఫొటో సర్కారు కార్డు మీదిదే.

అప్పుడు చెప్పాం, వేపచెట్టు సంగతి. ఇరవై ఏళ్లు మా దగ్గరే ఉంచుకున్న మాట. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు గుర్తే అత్తా" అంది. అంతకంటే ఏమీ అనకపోవడం మాకు మరింత కష్టమైంది.

పుస్తకం పని ఆపలేదు. ఇట్లాంటి ప్రయత్నం చేసేవారికి పనికొస్తుందని రెండు మాటలు చెబుతాం. జిగురు పూసి, పైన ప్లాస్టిక్ పొర ఉండే ఆల్బంలు ఒకప్పుడు పెళ్లిళ్లలో తెగ ఇచ్చేవారు. వాటిలోని ఫొటోలు పసుపెక్కి అట్టకు అంటుకుపోయాయి. బలవంతంగా లాగితే ముఖం చినుగుతుంది. పంటి దారాన్ని వెనకనుంచి మెల్లగా జరిపితే కొన్ని ఊడి వచ్చాయి, రానివాటిని అట్టతో సహా ఫొటో తీసుకున్నాం. కొత్త పుస్తకంలో జిగురు వాడకుండా నాలుగు మూలలకు కాగితం చిక్కాలు పెట్టాం. వెనక పేర్లు పెన్నుతో కాక మెత్తని పెన్సిలుతో రాశాం, సిరా ఇటుకు దిగుతుంది. ఎండాకాలం అటక మీది రేకుపెట్టె పొయ్యితో సమానం, అక్కడ వద్దు. చెదల సంగతి అందరికీ తెలిసిందే. అన్నిటికన్నా ముందు చేయాల్సింది, పెద్దవాళ్లు ఉండగానే పేర్లు అడిగి రాసుకోవడం. 1810లో బళ్లారిలో మొదలైన లండన్ మిషన్ సేవ తర్వాత గుత్తి, అనంతపురం వైపు వచ్చింది. ఆనాటి మిషన్ సంఘాలు మన దేశపు ఫొటోలను గాజు పలకల మీదికి ఎక్కించి తమ దేశంలో దీపం వెలుగులో గోడ మీద చూపించేవి. అట్లాంటి పాత చిత్రాల్లో పల్లె విశ్వాసులు బారులు తీరి నిలబడి ఉంటారు, చాలావాటి కింద వాళ్ల పేర్లుండవు. మన ఇంటి ఫొటోల గతి కూడా రెండు తరాల్లో అంతే.

పాప ఇంకొక పని చేసింది. సంస్థ వాళ్ల ద్వారా ఆ దీవి కుటుంబానికి కబురు పంపింది. మా నుంచి వెళ్లినవి ఏవైనా మీ దగ్గర ఉంటే నకళ్లు పంపగలరా అని. రెండు నెలలకు జవాబొచ్చింది. ఒక్కటి కూడా పారేయలేదట, అన్నీ ఒక పుస్తకంలో అతికించి ఉంచారట. ఉత్తరంలో పాప తన ఊరి వానల గురించి అడిగిన మాటకు బదులుగా, ఇప్పుడు పెద్దదైన వాళ్ల కూతురు తన చిన్నప్పటి సంగతి రాసింది. 1995 నుంచి 1997 దాకా మయోర్కాలో తాగునీటికి కటకట. స్పెయిన్ ప్రధాన భూభాగంలోని ఎబ్రో నది నీళ్లను ఓడల్లో నింపుకుని దీవికి తెచ్చారు. చుట్టూ సముద్రం, కుళాయిలో ఉప్పునీళ్లు. తర్వాత ఆరా తీస్తే తెలిసింది, ఆ దీవి రాజధాని పాల్మాలో ఏడాది సగటు వాన మన అనంతపురం కంటే తక్కువే. మనకు ట్యాంకర్లు, వాళ్లకు ఓడలు. ఒక్క ఫొటోలోనూ వాళ్లు ఆ సంగతి పంపలేదు. బహుశా అక్కడ కూడా ఎవరో, ఇది బాగుండదులే అని ఉంటారు.

ఆ జవాబుతో పాటు వచ్చిన నకళ్లలో సున్నం గోడ ముందు తీసిన ఫొటో ఉంది. తల్లి ఒంటి మీద మా చీర. దాని పక్క పేజీలో ఒక క్రేయాన్ బొమ్మ. ఆ ఏడాది ఫొటోతో పాటు పాప వేసి పంపినది. మేము ఉత్తరం దిద్దాం గానీ బొమ్మను ఎవరు చూస్తారు, పిల్లలు వేసిందే కదా అని కవరులో పెట్టేశాం. గుడిసె, సూర్యుడు, ఒక మేక. వరసగా నలుగురు మనుషులు. నాలుగో ఆయనకు మీసం, మెడనుంచి వేలాడే గుడ్డ, దానిలో చేయి. ఆ చేతికి మాత్రం రంగు వేయకుండా తెల్లగా వదిలింది. అక్కడివాళ్లు ఆ బొమ్మ కింద వాళ్ల భాషలో తారీఖు రాసుకున్నారు.

పుస్తకంలో ఆ సంవత్సరం పేజీకి ఫొటో పెట్టలేదు, బొమ్మ పెట్టాం. కింద ఆయన పేరు, పని చేసిన ఊరు, చేయి విరిగిన నెల పెన్సిలుతో రాశాం. మేము ఆయనను పక్కకు పంపిన సంగతి కూడా రాయమని అడిగితే పాప ఒప్పుకోలేదు, కానీ తల్లి రాయమంది. రాశాం.

పని ముగిసిన సాయంత్రం తల్లి ఆ పేజీని వాకిట్లో వెలుతురుకు పెట్టుకుని చాలాసేపు చూసింది. వేలితో తెల్ల చేయి తడిమి, "కట్టు కుడిచేతికి కదమ్మా, ఎడమచేతికి గీసినావే" అంది. పాప పెన్సిలు తీసుకుని అది కూడా కింద రాసింది.