సీటు మీద కర్చీఫ్

ఆర్టీసీ బస్టాండులో రోజూ కనిపించే దృశ్యమే. బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి ఓ కర్చీఫ్ లోపలికొచ్చి సీటు మీద వాలుతుంది. ఇక ఆ సీటు నిండినట్టే లెక్క. కర్చీఫ్ వేసిన పెద్దమనిషి టీ తాగి ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు, చంటిపిల్లతో ఎక్కినామె మాత్రం కడ్డీ పట్టుకుని నిలబడే ఉంటుంది. ఇంజినీరింగ్ ఆఫీసుల్లో కూడా సరిగ్గా ఇదే తంతు నడుస్తోంది, కాకపోతే అక్కడ కర్చీఫ్ కంటికి కనబడదు. వంతెన ఎంత బరువుకు ఎంత వంగుతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేరు, చిప్‌లో కోట్ల ట్రాన్సిస్టర్లను అమర్చే సాఫ్ట్‌వేరు, కారు తలుపు గీసే సాఫ్ట్‌వేరు లాంటివాటికి ఒక్కో లైసెన్సు లక్షల్లో పలుకుతుంది. ఇంత ఖరీదైనదాన్ని ఇంజినీరుకొకటి చొప్పున కొనలేక కంపెనీలు కొన్నిటిని కొని ఉమ్మడిగా వాడుకుంటాయి. నలభై మంది ఉన్నచోట పది లైసెన్సులుంటాయనుకోండి. ఎవరు సాఫ్ట్‌వేరు తెరిస్తే వారికి ఒకటి వెళ్తుంది, మూసేస్తే తిరిగొస్తుంది. దీన్నే ఫ్లోటింగ్ లైసెన్స్ అంటారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు చూసే కంప్యూటర్ పేరు లైసెన్స్ సర్వర్. 1988లో వచ్చిన ఫ్లెక్స్‌ఎల్‌ఎం అనే ప్రోగ్రాం ఫ్లెక్స్‌నెట్‌గా పేరు మార్చుకుని ఇప్పటికీ ఈ రంగాన్ని ఏలుతోంది. మ్యాట్‌ల్యాబ్, యాన్సిస్, సీమెన్స్ ఎన్‌ఎక్స్, చిప్ డిజైన్‌లో వాడే కేడెన్స్, సినాప్సిస్ సాఫ్ట్‌వేర్లకు సీట్లు పంచిపెట్టింది ఎక్కువగా ఇదే. హైదరాబాద్‌లో చిప్ డిజైన్‌లోనో ఇంజినీరింగ్ సర్వీసుల్లోనో ఉన్న మన పిల్లలు రోజు మొదలుపెట్టేది ఈ సర్వర్‌ను సీటు అడగడంతోనే.

మరి ఈ పది సీట్లు చాలుతున్నాయా లేదా? చాలా ఆఫీసుల్లో ఈ ప్రశ్నకు జవాబుగా ఒకే ఒక అంకె చూపిస్తారు. నెల మొత్తంలో ఒకేసారి గరిష్ఠంగా ఎన్ని లైసెన్సులు బయట ఉన్నాయన్నది ఆ అంకె. పదికి పది అని వస్తే ‘ఇంకో నాలుగు కొనండి’ అని సిఫారసు వెళ్తుంది. ఏడు దాటకపోతే వచ్చే ఏడాది బడ్జెట్‌లో మూడు కోసేస్తారు. నా దృష్టిలో కొనుగోలుదారును ఇంతగా పక్కదారి పట్టించే అంకె మరొకటి లేదు. పదికి పది నిండాయన్నప్పుడు పదకొండో మనిషి వచ్చి వెనుదిరిగాడా, ఇరవై మంది వెనుదిరిగారా అన్నది అందులో ఉండదు. ఆ పదింటిలో పని జరుగుతున్నవెన్నో, కర్చీఫులెన్నో కూడా ఉండదు. కొలవాల్సింది ఈ రెండే. సీటు దొరక్క వెళ్లిపోయినవారెందరు? సీటు పట్టుకుని పని చేయని గంటలెన్ని? లైసెన్సుల వాడకాన్ని గమనించే ఏర్పాటు ఎంత ఖరీదైనదైనా ఈ రెండూ చెప్పలేకపోతే అది గోడ గడియారంతో సమానం.

ఈ రెండింటికీ కావలసిన ముడిసరుకు చాలావరకు సర్వర్‌లోనే, పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. ఫ్లెక్స్‌నెట్ సర్వర్ రాసుకునే డీబగ్ లాగ్ మామూలు అక్షరాల ఫైలు, ఎవరైనా తెరిచి చదవొచ్చు. ఎవరైనా సీటు తీసుకుంటే 10:42:17 అని సమయం, ‘అవుట్’ అనే మాట, సాఫ్ట్‌వేరు పేరు, యూజర్ పేరు, కంప్యూటర్ పేరు పడతాయి. తిరిగిస్తే ‘ఇన్’ అని, దొరక్కపోతే ‘డినైడ్’ అని కారణంతో సహా పడుతుంది. కిరాణా కొట్టు చిట్టాపద్దు లాంటిదే, కాకపోతే దీనికి రెండు పెంకితనాలున్నాయి. మొదటిది, లైన్‌లో గంటా నిమిషమూ ఉంటాయి గానీ తేదీ ఉండదు. తేదీ మధ్యమధ్యలో విడిగా ఒక లైన్‌గా వస్తుంది, దాన్ని పట్టుకుని మిగతా లైన్లకు తేదీలు వేసుకోవాలి. రెండోది ఇంకా చిన్నది, ఇంకా ప్రమాదకరమైనది. లాగ్ ఫైలు ఎక్కడ రాయాలో సెట్టింగ్‌లో చెప్పేటప్పుడు ఆ పేరు ముందు ప్లస్ గుర్తు పెడితే కొత్త లైన్లు పాతవాటి కింద చేరతాయి. పెట్టకపోతే సర్వర్‌ను ఆపి మళ్లీ నడిపిన ప్రతిసారీ పాత లాగ్ చెరిగిపోయి కొత్తది మొదలవుతుంది. ఏడాది సాక్ష్యం ఒక్క గుర్తు లేక పోతుందన్నమాట. దీనికి తోడు రిపోర్ట్ లాగ్ అని మరొకటుంది. అది సంకేత భాషలో ఉంటుంది కాబట్టి చదవడానికి దానికోసమే అమ్మే సాఫ్ట్‌వేరు కొనుక్కోవాలి. కొందరు లాగ్ జోలికే పోకుండా ఐదు నిమిషాలకోసారి సర్వర్‌ను ‘ఎన్ని బయట ఉన్నాయి?’ అని అడిగే ఎల్‌ఎమ్‌స్టాట్ కమాండుతో సరిపెడతారు. దాంతో గ్రాఫులు అందంగా వస్తాయి. కానీ సీటు దొరకనివాడు ఆ కమాండుకు ఎప్పటికీ కనబడడు.

‘డినైడ్’ లైన్లు ఉన్నాయి కదా అని వాటిని లెక్కపెట్టేసి ఊరుకున్నా తప్పే. సీటు దొరకని మనిషి విసుగుతో ఐదుసార్లు నొక్కితే ఐదు లైన్లు పడతాయి, నిరాశపడింది ఒక్కడే. కొన్ని సాఫ్ట్‌వేర్లు ముందు ఒక ప్యాకేజీని అడిగి, లేదంటే రెండోదాన్ని, రెండో సర్వర్‌ను అడుగుతాయి. మొదటిచోట ‘డినైడ్’ పడుతుంది, రెండోచోట సీటు దొరుకుతుంది, ఇంజినీరుకు ఏం జరిగిందో కూడా తెలియదు. అందుకని ఒకే మనిషి ఒకే సాఫ్ట్‌వేరు కోసం పది నిమిషాల్లో చేసిన ప్రయత్నాలన్నిటినీ ఒకటిగా కట్టాలి. ఆ తర్వాత కాసేపటికే సీటు దొరికితే దాన్ని తిరస్కరణ కాదు, నిరీక్షణ అని రాసుకోవాలి. ఈ వడపోత లేకుండా నెలకు రెండు వేల తిరస్కరణలంటూ యాజమాన్యం ముందు పెడితే మొదటి ప్రశ్నకే పరువు పోతుంది.

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. ఇది కంప్యూటర్ల కన్నా పాతది. ఏ.కె. ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణితవేత్త కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ, ఎన్ని లైన్లుంటే ఎంతమందికి ‘ఎంగేజ్’ వినిపిస్తుందో చెప్పే సూత్రాన్ని 1917లో ప్రచురించాడు. ఊళ్లో ఎన్ని ఫోన్లున్నాయన్నది ఆయనకు అవసరం లేదు. కాల్స్ ఎంత తరచుగా వస్తున్నాయి, ఒక్కోటి ఎంతసేపు సాగుతోంది అన్నవే కావాలి. ఫోన్ లైన్ ఉన్నచోట లైసెన్సు పెట్టండి, సూత్రం అక్షరం మారదు. సగటున పది సీట్లకు సరిపడా గిరాకీ ఉన్న ఆఫీసు పదే లైసెన్సులు కొంటే నూటికి 21 మంది వెనక్కి పోతారు. సగటు చూసి కొనేవాళ్లకు తగిలే దెబ్బ ఇది. పదిహేను కొంటే నూటికి నలుగురు కూడా వెనక్కి పోరు. ఇరవై కొంటే వెయ్యికి ఇద్దరు, కానీ సగటున సగం సీట్లు ఖాళీ. ఇంకో దారి చూడండి. ఒక్కొక్కరూ సగటున నాలుగు గంటలు సీటు పట్టుకుంటున్నారనీ, అందులో చివరి గంట ఉత్త కర్చీఫే అనీ అనుకుందాం. ఆ గంటను వెనక్కి తీసుకుంటే గిరాకీ పది నుంచి ఏడున్నరకు దిగుతుంది. అవే పది లైసెన్సులతో వెనక్కి పోయేవారు నూటికి 21 నుంచి పదికి తగ్గుతారు. ఒక్క రూపాయి పెట్టకుండా! అయితే ఈ సూత్రాన్ని వేదవాక్కుగా తీసుకోకూడదు. ఎవరి రాక వారిదేననీ, లైన్ దొరకనివాడు వెళ్లిపోతాడనీ ఎర్లాంగ్ అనుకున్నాడు. మన ఆఫీసుల్లో తొమ్మిదిన్నరకు అందరూ ఒకేసారి వచ్చిపడతారు, దొరకనివాడు మళ్లీమళ్లీ నొక్కుతాడు. కాబట్టి రద్దీవేళ అసలు పరిస్థితి ఈ అంకెల కన్నా అధ్వాన్నంగానే ఉంటుంది. సూత్రం దారి చూపిస్తుంది, తీర్పు మాత్రం మీ లాగ్‌దే.

కర్చీఫ్ తీసేసే కండక్టర్ కూడా సర్వర్‌లోనే ఉన్నాడు. ఆప్షన్స్ ఫైలు అనే చిన్న ఫైలులో ‘టైమ్‌అవుట్’ అని రాసి సెకన్లు ఇస్తే, అంతసేపు ఊరికే ఉన్న సీటును సర్వర్ వెనక్కి లాక్కుంటుంది. మామూలుగా 900 సెకన్లకు, అంటే పావుగంటకు, తక్కువ పెట్టనివ్వరు. పైగా సాఫ్ట్‌వేరు తయారీదారు అందుకు వీలు కల్పించి ఉంటేనే ఇది పనిచేస్తుంది. పావుగంట మరీ కటువు అని నా అభిప్రాయం. ఇంజినీరు ఫోన్‌లో క్లయింటుతో మాట్లాడి తిరిగొచ్చేసరికి సీట్లన్నీ నిండి ఉంటే, ఆదా అయిన లైసెన్సు కన్నా రేగిన కోపమే ఖరీదవుతుంది. ముందు లాగ్ చదివి, ఆ తర్వాతే సంఖ్య ఎంచుకోవాలి. ఇదే ఫైలులో ‘రిజర్వ్’ అనే మాట కూడా ఉంది. ఫలానా విభాగానికి ఇన్ని సీట్లని కట్టబెట్టడానికి వాడతారు. మేనేజర్లకు ఇదంటే మహా ఇష్టం, సీట్లకు మాత్రం ఇదే శత్రువు. రిజర్వ్ చేసిన సీటు ఎవరూ వాడకపోయినా వాడుకలో ఉన్నట్టే లెక్కలోకి వస్తుంది. ఐదేసి సీట్ల గిరాకీ ఉన్న రెండు విభాగాలకు ఎనిమిదేసి విడగొట్టి ఇస్తే రెండుచోట్లా నూటికి ఏడుగురు వెనక్కి పోతారు. అదే పదహారూ ఉమ్మడిగా ఉంచితే ఇద్దరికి కాస్త మించి. ఉమ్మడి కుటుంబం విడిపోతే పొయ్యిలు రెండవుతాయి, కట్టెలు మాత్రం అవే. వాడకపోయినా సీటు నిండినట్టే ఉండే మరో చోటు, మ్యాట్‌ల్యాబ్‌కు తోడుగా విడి లైసెన్సుతో వచ్చే టూల్‌బాక్సులు. ఒక్క లైన్‌లో టూల్‌బాక్స్ ఫంక్షన్ ఒకటి పిలిచినా ఆ టూల్‌బాక్స్ లైసెన్సు మ్యాట్‌ల్యాబ్ మూసేదాకా ఆ మనిషి దగ్గరే ఉండిపోతుంది.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. యూజర్ పేరుతో, సమయంతో సహా రాసుకునే ఈ చిట్టా ఉద్యోగి మీద నిఘా కాదా? అవుతుంది, అలా వాడితే. ఎవరు ఎన్ని గంటలు సాఫ్ట్‌వేరు తెరిచి ఉంచారన్న జాబితా హెచ్‌ఆర్ చేతికి వెళ్లిన రోజున కర్చీఫులు తగ్గవు, పెరుగుతాయి. ఎందుకంటే సీటు పట్టుకుని కూర్చోవడమే పనితనానికి రుజువవుతుంది కాబట్టి. పైగా ఆ లెక్క పనికి కొలమానం కూడా కాదు. మంచి ఇంజినీరు ముప్పావు గంట కాగితం మీద ఆలోచించి పావుగంట స్క్రీన్ మీద గీస్తాడు. ఇంకొకరు సాయంత్రం ఒక సిమ్యులేషన్ నడిపించి ఇంటికెళ్తారు. తెల్లవార్లూ సీటు బయటే ఉంటుంది, కీబోర్డు ముట్టినవారు లేరు, జరిగింది మాత్రం అసలైన పని. మౌసు కదలికలు చూసి ఖాళీ సీటు పసిగట్టే ఏజెంట్ ప్రోగ్రాములు ఇక్కడే బోల్తాపడతాయి, పన్నెండు గంటల లెక్కను మధ్యలో చంపేస్తాయి. అందుచేత గమనింపు సీటు మీద ఉండాలి, మనిషి మీద కాదు. నివేదికలో పేరు బదులు విభాగం రావాలి, అసలు పేర్లున్న లాగ్ సర్వర్ చూసుకునేవారి దగ్గరే ఉండాలి, కొన్ని నెలల తర్వాత అందులో పేర్లు చెరపాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉద్యోగ అవసరాలకు, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడానికి సమాచారం వాడుకోవడాన్ని అనుమతిస్తుంది. ఆ అనుమతిని మరో పనికి సాగదీయకుండా సెట్టింగ్‌లోనే కట్టడి పెట్టుకోవడం మేలు.

ఇంజినీరు గంట జీతం ముందు ఈ లైసెన్సు పిసినారితనమేమిటి, ఇంకో రెండు కొనిపడేయొచ్చు కదా అనేవారున్నారు. కొనాలనిపిస్తే కొనండి. కానీ కొనుగోలుకు సంతకం పెట్టే మనిషి అడిగేది రుజువే, ఆ రుజువు వడపోసిన ‘డినైడ్’ లైన్లలోనే ఉంది. ఈ లాగ్ యాజమాన్యం చేతిలో కత్తెర ఎంతో, ఇంజినీరు చేతిలో అర్జీ కూడా అంతే.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది. ఫ్లోటింగ్ లైసెన్సులకే రోజులు చెల్లుతున్నాయి కదా అన్నది. నిజమే. ఆటోడెస్క్ 2020లో ఉమ్మడి లైసెన్సులకు స్వస్తి చెప్పడం మొదలుపెట్టి, ఒక ఉమ్మడి లైసెన్సు ఇస్తే పేరున్న ఇద్దరు వ్యక్తులకు రెండు ఇస్తామంది. పది ఉమ్మడి సీట్లతో నలభై మందిని నెట్టుకొచ్చిన ఆఫీసుకు ఇరవై వస్తాయి, మిగతా ఇరవై మందీ బయటే. ఎవరికి పేరు మీద ఇవ్వాలి, ఎవరికి అక్కర్లేదు అని తేల్చేది పాత లాగ్ కాక మరేమిటి? అప్పుడప్పుడు వాడేవారి కోసం 2021లో అదే సంస్థ ఫ్లెక్స్ అనే టోకెన్ల పద్ధతి తెచ్చింది. అందులో సాఫ్ట్‌వేరు ఒకసారి తెరిస్తే 24 గంటలకు టోకెన్లు కోస్తారు. ఐదు నిమిషాలు తెరిచినా రోజంతా వాడినా కోత ఒక్కటే. ఇక్కడ మన లెక్క తలకిందులవుతుంది. కర్చీఫ్ వల్ల నష్టం లేదు, ఊరికే ఎక్కి దిగేవాడి వల్లే నష్టం. ఒక డ్రాయింగ్‌లో కొలత చూసుకోవడానికి పూర్తి సాఫ్ట్‌వేరు తెరిచేవారికి ఉచిత వ్యూయర్ చాలు. కాబట్టి ఇక్కడ గంటలు కాదు, రోజుకు ఎంతమంది తెరిచారు, అందులో పది నిమిషాల్లోపే మూసినవారెందరు అన్నది కొలవాలి. అమ్మే పద్ధతి మారినప్పుడల్లా కొలిచే పద్ధతీ మారాలి. పాత డ్యాష్‌బోర్డును అలాగే నడిపిస్తే పచ్చరంగులో వెలుగుతూనే డబ్బు కారిపోతుంది.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి రెండు నిమిషాలు చాలు. మీ ఆఫీసులో లైసెన్స్ సర్వర్ చూసుకునే మనిషిని పిలిచి, లాగ్ ఫైలు పేరు ముందు ప్లస్ గుర్తు ఉందో లేదో చూడమనండి. లేకపోతే, సర్వర్‌ను మళ్లీ ఆపేలోగా పెట్టించండి.