మీకు తెలుసా? కప్పులో మేత తినే ఊసరవెల్లి

యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతాలకు చెందిన వెయిల్డ్ ఊసరవెల్లిని అమెరికా, యూరప్‌లలో చాలామంది ఇళ్లలో పెంచుకుంటారు. దానికి మేత కప్పులో పెట్టడం ఒక పద్ధతి. చిక్కేమిటంటే, కదలని పురుగు దాని కంటికి అంత తేలిగ్గా ఆనదు. అందుకే కప్పు లోపల వెనక గోడకు చిన్న వల ముక్క అతికిస్తారు. కీచురాయి ఆ వల మీదికి పాకడం చూడగానే ఊసరవెల్లి రెండు కళ్లూ అటే తిప్పుతుంది. నోరు కొద్దిగా తెరుచుకుని నాలుక కొస బయటికి వస్తుంది, మరుక్షణం పురుగు నోట్లో ఉంటుంది! తోకను లెక్కించకుండా చూస్తే ఒంటి పొడవును మించి సాగే నాలుక అది. అంత వేగంతో వెళ్లి గాజులాంటి ప్లాస్టిక్‌కు తగిలితే నాలుకకే ప్రమాదం. కాబట్టి లోపలిది పక్కనుంచి కనిపించని, పురుగులు ఎక్కలేని నున్నటి కప్పే వాడాలి. ఊసరవెల్లి రోజూ కూర్చునే కొమ్మ ముందు ఆ కప్పును కట్టి మనం పక్కకు తప్పుకోవాలి. చూస్తూ నిలబడితే బెదిరిపోయి తినదు. మొదట్లో పట్టుపురుగు వేస్తే త్వరగా మరుగుతుంది. బోనులో వదిలేసిన కీచురాళ్లు రాత్రిళ్లు నిద్రపోతున్న ఊసరవెల్లినే కొరకవచ్చు. కప్పుతో ఆ బెడద తగ్గుతుంది. మన పొదల్లో, చెట్ల మీద కనిపించే ఊసరవెల్లిని మాత్రం పట్టుకోవడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.