హైడ్రోఫిలిడే కుటుంబంలో కొత్త జాతి వర్ణన

హైడ్రోఫిలిడే పెంకుపురుగులలో ఒక కుటుంబం. దీనిని 1802లో ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త లాత్రేయ్ ఏర్పరచాడు. 'నీటిని ఇష్టపడేవి' అని ఈ పేరుకు మూలమైన గ్రీకు మాటకు అర్థం. చెరువులు, కుంటలు, వరి మడులలో ఇవి నివసిస్తాయి. కొన్ని జాతులు పేడలోనూ, కుళ్ళిన ఆకులలోనూ ఉంటాయి. ప్రౌఢ కీటకాలు ఎక్కువగా కుళ్ళిన పదార్థాలను, నాచును తింటాయి. డింభకాలు మాత్రం వేటాడి తింటాయి. ఈ కుటుంబంలో ఇప్పటికి 3 వేలకు పైగా జాతులు వర్ణించబడ్డాయి.

గుర్తింపు

ఇవి పైకి డైటిస్సిడే కుటుంబపు ఈత పురుగుల వలె కనిపిస్తాయి. లిన్నేయస్ కూడా 1758లో ఈ కుటుంబపు పెద్ద నల్లని పురుగును డైటిస్కస్ పైసియస్ అనే పేరుతో ఈత పురుగులలోనే చేర్చాడు. అది ఇప్పుడు హైడ్రోఫిలస్ పైసియస్. ఈత పురుగులు వెనుక కాళ్ళను రెండింటినీ ఒకేసారి కదుపుతాయి, హైడ్రోఫిలిడే పురుగులు ఒకదాని తరువాత ఒకటిగా కదుపుతాయి. గాలి కోసం అవి తోకను పైకి తెస్తే, ఇవి తలను తెచ్చి గద వంటి స్పర్శశృంగాలతో గాలిని తీసుకుంటాయి.

కుటుంబాన్ని గుర్తించడం ఇలా సులభమే. జాతిని గుర్తించడమే కష్టం. ఒకే ప్రజాతిలోని చాలా పురుగులు రంగులోనూ, పరిమాణంలోనూ ఒకే విధంగా ఉంటాయి. అందువలన మగ పురుగు ఉదరం కొస నుండి జననాంగాన్ని వేరుచేసి, సూక్ష్మదర్శినిలో చూసి బొమ్మ గీస్తారు. అనేక జాతుల మధ్య నమ్మదగిన తేడా అదొక్కటే. ఆడ పురుగు మాత్రమే దొరికితే చాలాసార్లు పని ఆగిపోతుంది. ఇటీవలి కాలంలో డి.ఎన్.ఏ. పోలికను కూడా జోడిస్తున్నారు.

నామకరణ నియమాలు

అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ప్రకారం 1930 తరువాత ప్రచురించిన పేరుకు ఆ జాతిని ఇతర జాతులనుండి వేరుచేసే వర్ణన ఉండాలి. 1999 తరువాత ప్రచురించిన పేరుకు మూల నమూనాను కూడా స్పష్టంగా నిర్దేశించాలి. ఒకే నమూనాను ఎంచుకుంటే దానిని హోలోటైప్ అంటారు. భవిష్యత్తులో సందేహం వస్తే పేరు ఎవరికి చెందుతుందో తేల్చేది ఆ ఒక్క పురుగే, గ్రంథంలోని వర్ణన కాదు. 2012 నుండి ఎలక్ట్రానిక్ ప్రచురణలు కూడా చెల్లుతాయి, కాని జూబ్యాంక్‌లో నమోదు తప్పనిసరి.

పాత నమూనాలను చూడకుండా కొత్త పేరు పెడితే ఒకే జాతికి రెండు పేర్లు ఏర్పడతాయి. అప్పుడు సాధారణంగా ముందుది నిలుస్తుంది. దక్షిణ భారతదేశపు పురుగుల విషయంలో ఈ చిక్కు ఎక్కువ. తరంగంబాడిలో పనిచేసి, 1785లో కాకినాడ వద్ద జగన్నాథపురంలో మరణించిన కోనిగ్ సేకరించిన కీటకాలను లిన్నేయస్ శిష్యుడైన ఫాబ్రిసియస్ వర్ణించాడు. ఫాబ్రిసియస్ నమూనాలు నేడు ప్రధానంగా కోపెన్‌హాగెన్‌లో ఉన్నాయి. ఇక్కడి కుంటలో దొరికిన పురుగు కొత్తదో కాదో తేల్చడానికి అక్కడి 18వ శతాబ్దపు పురుగును పరీక్షించవలసి రావచ్చు.

నమూనా నశించే ప్రమాదమూ ఉంది. 2018 సెప్టెంబరు 2న రియో డి జనీరోలోని జాతీయ మ్యూజియం కాలిపోయినపుడు అక్కడి కీటక సంగ్రహంలో అత్యధిక భాగం బూడిద అయింది. హోలోటైప్ లేనపుడు, పేరు విషయంలో నిజమైన అవసరం ఉంటేనే నియోటైప్ అనే ప్రత్యామ్నాయ నమూనాను ఎంచుకోవచ్చు.

వర్ణన తరువాత

పేరు పెట్టినంత మాత్రాన ఆ పురుగు జీవితం తెలిసినట్లు కాదు. ఫాబ్రిసియస్ 1801లో వర్ణించిన రెజింబార్షియా అటెనుయేటా అనే చిన్న పురుగును కప్ప మింగినా, అది జీర్ణనాళం గుండా నడిచి వెనుక ద్వారం నుండి ప్రాణాలతో బయటపడగలదు. ఈ సంగతిని జపాన్‌లోని కోబే విశ్వవిద్యాలయానికి చెందిన షింజి సుగియురా 2020లో ప్రకటించాడు.