అంగడి ఒకటి, చట్టములు రెండు

గంజాయి రకముల వివరములు తెలిపి, వాడినవారి అభిప్రాయములు ప్రకటించి, అంగళ్ల జాడ చెప్పు ఇంటర్నెట్ వేదికలలో లీఫ్లీ ఒకటి. 2010లో కాలిఫోర్నియాలో పుట్టి, తరువాత సియాటిల్ చేరినది. ఇందు వేలకొలది రకములకు పుటలు కలవు. ఒకరు హాయిగా నిద్రపట్టినదందురు. అదే రకమునకు మరొకరు గుండెదడ పుట్టినదందురు. ఇవి అనుభవములే గాని వైద్యుని మాటలు కావు. పేరొక్కటే అయినను, వేర్వేరు తోటల పంటలో మత్తు కలిగించు టి.హెచ్.సి. పాళ్లు ఒక్కటిగా నుండవు.

సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రమున 2012లో ఓటర్లు, 21 ఏండ్లు నిండినవారికి దీనిని అనుమతించిరి. వినోదమునకు వాడుటను అమెరికా కేంద్ర చట్టము మాత్రము నేటికిని ఒప్పదు. మనవారికి చిక్కంతయు ఇచ్చటనే. అక్కడ చదువుకొను మన పిల్లల వీసాలు కేంద్ర చట్టమునకు లోబడినవి. రశీదిచ్చి అమ్మిన సరకే అయినను, వాడితిమని సరిహద్దు అధికారి యెదుట ఒప్పుకొన్నచో ప్రవేశము నిరాకరింపబడవచ్చును. ధరయు దూరమును మాత్రమే చూచువారికి ఈ సంగతి తోచదు.

ఇక వెంట తెచ్చుట మన 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద నేరము. మిఠాయి రూపమున నున్నను మినహాయింపు లేదు. పిల్లలు సెలవులకు బయలుదేరునపుడు పెట్టెలో ఏమి సర్దిరో ఫోనులో ఒకమారు అడుగుడని మా మనవి.