పసుపు రంగుకు న్యాయం చేసే వెలుగు

నిజామాబాద్ జిల్లాలో సిరికొండ మొదలుకొని ఆర్మూరు, వేల్పూర్, బాల్కొండ వరకు పండే పసుపు తరతరాలుగా చేతి పరీక్షతోనే అమ్ముడవుతూ వచ్చింది. కొనుగోలుదారు కుప్పలోంచి ఒక కొమ్మును తీసి, పుటుక్కున విరిచి, లోపలి రంగును, వాసనను గమనించి ధర పలకడం మార్కెట్ యార్డు ఆనవాయితీ. 2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'ఇ-నామ్' అనే ఎలక్ట్రానిక్ వ్యవసాయ విపణిలో తొలి విడత చేరిన 21 మార్కెట్లలో నిజామాబాద్ కూడా ఉండటంతో, దూరప్రాంతపు వ్యాపారి ఉన్నచోటి నుంచే బేరంలో పాల్గొనే మార్గం తెరుచుకుంది. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. రైతు సంఘాలు, మహిళా సంఘాలు సొంతంగా పసుపు పొడి పట్టించి, ప్యాకెట్లు కట్టి, ఫోన్ ద్వారానే అమ్ముకోవడానికీ ఇప్పుడు వీలుంది. ఇలాంటి అమ్మకంలో కొమ్మును విరిచి చూసే చేయి ఉండదు కనుక, ఆ చేయి చెప్పే నిజాన్ని ఫొటో చెప్పవలసి ఉంటుంది. ఆ ఫొటోలోని నిజం కెమెరా ఖరీదు కంటే, వస్తువు మీద పడే వెలుగు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

వెలుగు మెత్తదనం, దిశ

కాంతిని ఎన్నుకునేటప్పుడు మొదట చూడవలసినది దాని వాట్ల లెక్క కాదు, వస్తువుతో పోల్చినప్పుడు ఆ కాంతి వచ్చే తలం ఎంత పెద్దదన్నది. చిన్న బల్బు నుంచి గానీ, మబ్బులేని ఆకాశంలోని సూర్యుడి నుంచి గానీ వచ్చే కాంతి ఒకే దిక్కు నుంచి పడుతుంది కాబట్టి నీడల అంచులు కత్తిరించినట్టు కనిపిస్తాయి. దీనిని కఠిన కాంతి అంటారు. అదే సూర్యకాంతి మబ్బు వెనుక నుంచి వచ్చినప్పుడు ఆకాశమంతా ఒకే దీపంలా మారి, అన్ని దిక్కుల నుంచీ పడటం వల్ల నీడలు పలచబడతాయి. ఇది మెత్తని కాంతి. బల్బుకు ముందు రెండడుగుల తెల్లని పలుచటి గుడ్డను కట్టి వస్తువుకు దగ్గరగా ఉంచితే మెత్తని కాంతి దొరుకుతుంది గానీ, ఆ గుడ్డనే పదడుగుల దూరానికి జరిపితే వస్తువు దృష్టిలో అది చిన్నదైపోయి నీడలు మళ్ళీ గట్టిపడతాయి. పైగా చిన్న దీపం విషయంలో దూరం రెట్టింపైతే వస్తువు మీద పడే వెలుగు సగానికి కాక నాలుగో వంతుకు పడిపోతుంది. అందుచేత ఎక్కువ వాట్ల దీపం కొనడం కంటే ఉన్న దీపాన్ని దగ్గరికి జరపడమే చాలా సందర్భాల్లో మేలు.

విద్యుద్దీపాలు లేని రోజుల్లో ఫొటో స్టూడియోలు ఈ మెత్తదనాన్ని పగటి వెలుగు నుంచే సాధించాయి. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా పేరొందిన రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపిన పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశకాల్లో, ఉత్తరం వైపు అద్దాలు అమర్చి నేరుగా ఎండ పడని కాంతిని వాడటం ఆ వృత్తిలో ఉత్తరార్ధగోళంలో విస్తృతంగా పాటించిన పద్ధతి. ఆ పద్ధతి నిజామాబాద్ ప్రాంతానికి ఈనాటికీ పనికివస్తుంది. పసుపును తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి మార్కెట్‌కు తెచ్చే జనవరి నుంచి మార్చి మూడో వారం వరకు సూర్యుడు పగలంతా దక్షిణ దిక్కునే నడుస్తాడు కాబట్టి, ఉత్తరపు కిటికీలోకి ఎండ చొరబడదు. ఉదయం నుంచి సాయంత్రం వరకు నిలకడైన మెత్తని వెలుగు ఖర్చు లేకుండా దొరుకుతుంది. నిజామాబాద్ కర్కటరేఖకు దక్షిణాన ఉండటం వల్ల మే నడిమి నుంచి జూలై చివరి వరకు మధ్యాహ్నపు సూర్యుడు సైతం కొద్దిగా ఉత్తరానికి వాలతాడు. ఆ నెలల్లో అదే కిటికీకి పలుచటి తెల్లగుడ్డ కట్టవలసి వస్తుంది.

రంగు: పసుపు పెట్టే పరీక్ష

పసుపుకు ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ అనే పదార్థం కాంతిలోని నీలి, ఊదా భాగాలను పీల్చుకుని మిగిలిన వాటిని తిప్పి పంపుతుంది. కెమెరా ప్రతి రంగునూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పాళ్ళుగా నమోదు చేస్తుంది. పసుపు ముందు నీలం పాలు దాదాపు ఖాళీగా ఉండిపోగా, ఎరుపు పాలు త్వరగా నిండి పొర్లిపోతుంది. అప్పుడు పొడిలోని గీతలు, గుట్టలు మాయమై ఒక పచ్చని మచ్చ మాత్రమే మిగులుతుంది. వెలుగు కాస్త తక్కువగా నమోదయ్యేలా ఎక్స్‌పోజర్ తగ్గించడం దీనికి మొదటి మందు. ఫ్రేమంతా పసుపే నిండినప్పుడు ఫోన్ తనంతట తానే దానిని దీపపు రంగుగా పొరబడి నీలం కలిపి సరిదిద్దబోతుంది కనుక, తెలుపును గుర్తించే వైట్ బ్యాలెన్స్ అనే అమరికను ఒక బూడిదరంగు అట్టను చూపించి ముందుగానే స్థిరపరచడం రెండో మందు.

దీపపు రంగును కెల్విన్ అనే కొలతలో చెబుతారు. బల్బు డబ్బా మీద 2700 లేదా 3000 అని ఉంటే అది ఎర్రఛాయ గల వెలుగు, 6500 అని ఉంటే నీలిఛాయ గల వెలుగు. మధ్యాహ్నపు ఎండ సుమారు 5500 దగ్గర ఉంటుంది. వైట్ బ్యాలెన్స్ సరిచేయకుండా తీస్తే పసుపు కొమ్ము మొదటి వెలుగులో నారింజ వైపు, రెండో వెలుగులో నిమ్మపండు ఛాయ వైపు జరుగుతుంది. కిటికీ వెలుగును, గదిలోని బల్బు వెలుగును కలిపితే ఒకే కొమ్ముకు రెండు పక్కల రెండు రంగులు వస్తాయి కాబట్టి ఏదో ఒకదానిని ఆర్పివేయాలి లేదా మూసివేయాలి. రంగులను ఎంత నమ్మకంగా చూపిస్తుందో చెప్పే సి.ఆర్.ఐ. అనే మరో సంఖ్యకు గరిష్ఠ విలువ 100. సాధారణ ఎల్‌ఈడీ బల్బులకు అది 80 దగ్గర ఉంటే, వస్తువుల ఫొటోలకు 90 దాటినవి ఎంచుకోవాలి. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో నడవడం వల్ల చవక బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఫొటోలో అడ్డచారలు కనిపిస్తే షట్టర్ వేగాన్ని సెకనులో నూరో వంతుకో, యాభయ్యో వంతుకో మార్చి చూడాలి.

గరుకుదనం, మెరుపు

కొమ్ము మీది కణుపులు, బెల్లం దిమ్మ మీది పలుకులు ఎదురుగా వచ్చే వెలుగులో అణిగిపోతాయి. అందుకే ఫోన్ సొంత ఫ్లాష్ వాటికి శత్రువు. వెలుగును ఒక పక్క నుంచి, వస్తువుకు దాదాపు నేలబారుగా పంపితే ప్రతి కణుపుకూ ఒక చిన్న నీడ ఏర్పడి ఆకారం తేలుతుంది. రెండో పక్క తెల్లని థర్మాకోల్ పలకను నిలబెడితే నీడ మరీ నల్లబడదు. 1937లో నెలకొని 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారం వల్ల బోధన్‌కు పేరు తెచ్చిన చక్కెరకు మాత్రం వెలుగు వెనుక నుంచి రావాలి. అలా వచ్చినప్పుడే స్ఫటికాల గుండా కాంతి ప్రసరించి పలుకు పలుకుగా కనిపిస్తుంది. తెల్లని వస్తువును కెమెరా సగటు బూడిదరంగుగా భావించి మసకబారుస్తుంది కాబట్టి ఇక్కడ ఎక్స్‌పోజర్‌ను ఒకటి రెండు మెట్లు పెంచాలి.

పొరుగున ఉన్న నిర్మల్ చిత్రాల్లో నల్లని నేపథ్యం మీద బంగారు ఛాయ నిగనిగలాడుతుంది. ఆ నిగారింపు అద్దంలా పనిచేస్తుంది. కాంతి ఏ కోణంలో తలాన్ని తాకుతుందో అదే కోణంలో తిరిగి వెళుతుంది కనుక, దీపాలను చిత్రానికి ఇరుపక్కలా 45 డిగ్రీల కోణంలో పెడితే మెరుపు కెమెరాను తాకకుండా పక్కకు పోతుంది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ వంటి లోహపు పనిలో మెరుపును తొలగించడం కాదు, దానికి ఏమి చూపించాలో నిర్ణయించడమే కిటుకు. చుట్టూ తెల్లని గుడ్డ ఉంటే వెండి తెల్లగా వెలుగుతుంది, పక్కన నల్లటి అట్ట ముక్క నిలిపితే సన్నని తీగల అంచులు తేటపడతాయి.

వీటన్నిటికీ కావలసిన సామగ్రి స్వల్పం: ఒక ఉత్తరపు కిటికీ, రెండు మూరల తెల్లగుడ్డ, థర్మాకోల్ పలక, నల్ల అట్ట, బూడిదరంగు అట్ట, ఫోన్‌ను కదలకుండా నిలిపే ట్రైపాడ్. దీపం కొనడం చివరి ఖర్చుగా పెట్టుకోవాలి. కర్క్యుమిన్ కాంతికి క్రమంగా వెలిసిపోయే గుణం గలది కాబట్టి ఫొటో కోసం పెట్టిన పొడిని రోజంతా వెలుగులో ఉంచకూడదు.

పసుపు ఫొటోను నిజం కంటే నిగ్గుగా చూపించాలన్న ఆశ అమ్మకందారుకు సహజమే అయినా, దాని నష్టం చివరికి రైతుకే తగులుతుంది. లెడ్ క్రోమేట్, మెటానిల్ ఎల్లో వంటి హానికర రంగులను పసుపులో కల్తీ చేయడం వెనుక ఉన్నది మిరుమిట్లు గొలిపే పచ్చదనమే మంచి పసుపుకు గుర్తన్న భ్రమ. ఫొటోలో రంగును ఎగదోసే ప్రతి అమ్మకందారూ ఆ భ్రమకు బలమిచ్చి, తన కల్తీలేని సరుకును తానే వెలవెలబోయేలా చేస్తాడు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనలను నేరుగా తప్పుపడుతుంది. కాబట్టి ఫొటోను పంపే ముందు, విరిచిన కొమ్మును పగటి వెలుగులో ఫోన్ తెర పక్కన పెట్టి రెండింటి రంగూ పోల్చి చూడటం అమ్మకందారు విధి. తేడా కనిపిస్తే సరిచేయవలసింది ఫొటోనే. యార్డులో తరాలుగా నిలిచిన నమ్మకం ఫోన్ తెర మీదా నిలవడానికి ఇదే దారి.