ఆవలో అతిథులు

పిల్లలూ! పిట్టలను చూడాలంటే ఏం కావాలి? కళ్ళు కావాలంటారు. నిజమే. కాని కళ్ళతోపాటు కావలసినది మరొకటున్నది. అదేమిటో మా బడిపిల్లలకు కొండకర్ల ఆవ నేర్పింది.

మా అనకాపల్లికి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరాన ఉన్న మంచినీటి సరస్సు అది. నీళ్ళమీద తామరాకులు పరుచుకుని ఉంటాయి. అక్కడి దోనెలు చిత్రమైనవి. రెండు తాటిబోదెలను తొలిచి పక్కపక్కన కట్టేస్తారు. ఒక్కటే అయితే దొర్లిపోతుంది. రెండు కలిస్తే నిలకడ. గడను అడుగున పొడిచి తోస్తారు.

ఒక చలికాలం పొద్దున్నే పిల్లలతో దోనెలు ఎక్కాను. దూరాన బాతుల గుంపు కనబడింది. వాటిలో సూదిలాంటి తోక ఉన్నవి కూడా ఉన్నాయి. "అన్నీ ఒక్కసారి ఎగిరితే ఎంత బాగుంటుందో!" అంటూ ఒక కుర్రవాడు చప్పట్లు చరిచాడు. అంతే! గుంపంతా లేచిపోయింది. దోనె తోసే తాత గడ ఆపి, "ఇంకీ పూట ఇటు దిగవు బాబూ," అన్నాడు.

"చప్పట్లేగా మాస్టారూ, రాయి విసరలేదుగా?" అన్నాడు కుర్రవాడు.

"ఆ బాతులు హిమాలయాల కావల, మంచుదేశాలనుంచి వస్తాయి," అన్నాను. "ఇక్కడ తిన్న తిండి చర్మం కింద కొవ్వుగా దాచుకుంటాయి. తిరుగు ప్రయాణానికి అదే దారిబత్తెం. బెదిరి ఎగిరినప్పుడల్లా అందులో కొంత ఖర్చయిపోతుంది. నీ చద్దిమూట ఎవరైనా దారిలో పారబోస్తే నీకెలా ఉంటుంది?"

వాడు తల వంచుకున్నాడు. తిరిగివచ్చేటప్పుడు కదలకుండా కూర్చున్నాడు. కాసేపటికి ఒక పిట్ట తామరాకుమీద అడుగులు వేస్తూ మా దగ్గరకే వచ్చింది! ఆకు మునగలేదేమని వాడు గుసగుసగా అడిగాడు. దాని కాలివేళ్ళు చాలా పొడుగు. బరువు ఒకచోట పడక, ఆకంతా పంచుకుంటుందన్నమాట. కొంచెం అవతల ఒక నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నది. దాని ఈకలు బాతు ఈకల్లా కాదు, నీటికి తడుస్తాయి. అందుకే మునిగి చేపలను తరమడం దానికి సులువు.

మన రాష్ట్రానికి దక్షిణపు కొసన, సూళ్ళూరుపేట దగ్గర, పులికాట్ సరస్సు ఉన్నది. సముద్రపు ఉప్పునీరూ ఏటినీరూ కలిసే చోటది. అక్కడి జాలర్లు తరతరాలుగా తెరచాప పడవలు నడిపారు. గాలి తోసే పడవకు ఇంజను రొద ఉండదు. అక్కడికి వచ్చే ఫ్లెమింగోలు ముక్కును తలకిందులుగా నీటిలో పెట్టి, జల్లెడ పట్టినట్టు తిండి ఏరుకుంటాయి. వాటి గులాబీరంగు కూడా ఆ తిండినుంచి వచ్చినదే.

అయితే చప్పుడు లేకపోయినంత మాత్రాన సరిపోదు. పడవను పిట్టలమీదికి తిన్నగా పోనివ్వకూడదు; పక్కకు పోతున్నట్టు ఏటవాలుగా నడపాలి. అవి మేత మాని తలలెత్తాయా, మనం చాలా దగ్గరకు వచ్చామని గుర్తు. వెంటనే ఆగాలి, లేదా వెనక్కు మళ్ళాలి.

కళ్ళతోపాటు కావలసిన దేమిటో ఇప్పుడు తెలిసిందిగా? ఓర్పు! మీ ఊరి చెరువుగట్టున కదలకుండా పావుగంట కూర్చుని చూడండి. ఎన్ని పిట్టలు వచ్చాయో, ఏమేం చేశాయో పుస్తకంలో రాసుకోండి. మీరు వెళ్ళిపోయేటప్పుడు కూడా అవి మేస్తూనే ఉంటే, మీరు పరీక్ష నెగ్గినట్టే.